గడిలో పట్టని కేక

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. విని ఉంటే నేనే చెప్పి ఉండాలి, నేను చెప్పలేదు. ఎక్కడైనా ఒక వివరం తప్పు చెబుతానేమోనని ఇన్నాళ్ళూ వాయిదా వేశాను. అసలు చెప్పకుండా పోవడం కంటే కాస్త తప్పుగా చెప్పడమే నయమనిపించి ఇప్పుడు మొదలుపెడుతున్నాను. అంకెలు మాత్రం సరిచూసుకున్నాను.

ఒక నదికి రెండు ఒడ్లు, ఒడ్డుకొక రాజు. ఇద్దరూ ఒక పెళ్ళిభోజనంలో గుమ్మడికాయ పులుసులో బెల్లం వేయాలా వద్దా అని పోట్లాడుకున్నారు. మర్నాటి నుంచి పడవలు ఆగిపోయాయి. మనిషి దాటకూడదు, కుండ దాటకూడదు, ఒడ్డున నిలబడి అవతలికి కేకేసినా కొరడా దెబ్బలే.

ఒక్క గళ్ళ కాగితం మాత్రం దాటవచ్చు. ఎంత పోట్లాట ఉన్నా అవతల ఎంతమంది ఉన్నారో, ఎన్ని మేకలున్నాయో తెలియకపోతే ఏ రాజుకూ అన్నం సయించదు. అందుకని వారానికొకసారి తెప్ప మీద ఒక కాగితం అటు వెళ్ళేది, ఇంకొకటి ఇటు వచ్చేది. ఇంటికొక వరస. వరసలో నాలుగు గళ్ళు: పేరు, చెప్పవలసినది, మేకలు, బాతులు. రెండో గడి రాజుల దయ. అవతల చుట్టాలున్నవాళ్ళు అందులో ఏమైనా రాయించుకోవచ్చు. అక్షరాలూ అంకెలూ తప్ప మరేదీ ఉండకూడదు.

గళ్ళ కాగితమన్నారే గాని అందులో గళ్ళు గీసి ఉండవు. సిరా దండగని గడికీ గడికీ మధ్య ఒక చిన్న తోకగీత పెట్టేవాళ్ళు, అంతే. ప్రతి ఒడ్డునా చదివేవాళ్ళు ముగ్గురుండేవాళ్ళు. మొదటివాడు తోకగీత కనిపిస్తే "పక్క గడి" అనేవాడు. రెండోవాడు పంక్తి తెగితే "పక్క ఇల్లు" అనేవాడు. మూడోవాడు ఎక్కడైనా వేలెడు ఖాళీ కనిపిస్తే చాలు, "అయిపోయింది" అని కాగితం మడిచి మజ్జిగ తాగడానికి వెళ్ళిపోయేవాడు. ముగ్గురూ నిజాయితీపరులే. ఆలోచించమని వాళ్ళకి ఎవరూ జీతం ఇవ్వలేదు.

ఇవతలి ఒడ్డున ఒక బాతులామె ఉండేది. పడవలు ఆగిన రోజున ఆమె బాతులు మూడు వందలూ అవతలి ఒడ్డున, కోసిన వరిచేలలో గింజలు ఏరుకుంటున్నాయి. వాటి వెంట ఆమె తమ్ముడున్నాడు. అతను కర్ర పట్టుకుని మంద వెనక నడిచేవాడు. పొద్దువాలే వేళకి వాటిని నీళ్ళలోంచి దడిలోకి పిలిచే పని మాత్రం ఎప్పుడూ అక్కదే.

ఆ పిలుపులో మాట లేదు. మొదట గొంతులోంచి ఒక "క్లా". ఒక చిన్న ఊపిరి. మూడు "క్లక్"లు. ఒక పెద్ద ఊపిరి. పొడుగ్గా "హూ". ఆ తరవాత బాతు తల తిప్పేటంత సేపు ఏమీ లేదు. చివర మెల్లగా ఒక "బా". ఆ ఏమీ లేనిచోటే బాతులు తల తిప్పేవి, "బా" దగ్గర నడవడం మొదలుపెట్టేవి. గుడ్డులోంచి వచ్చిన రోజు నుంచి వాటికి తెలిసిన ఇంటిదారి అదే.

తమ్ముడిది అక్క గొంతే, ఆ శబ్దాలూ తెలుసు, కాని ఎక్కడ నోరు తెరవాలో ఎక్కడ మూయాలో ఆ వరస తెలియదు. వేలసార్లు విన్నాడు గాని వింటున్నంతసేపూ తనూ ఏదో ఒకటి వాగుతూనే ఉండేవాడు. ఇప్పుడు అతను ఎంత పిలిచినా బాతులు నీళ్ళలోనే ఉండిపోతున్నాయి. నీటికుక్కలు వచ్చి తినిపోతున్నాయి. మొదటి వారం కాగితంలో అతని వరసలో ఇలా వచ్చింది: పేరు, కేక పంపు అక్కా, మేకలు లేవు, బాతులు 288.

బాతులామె కాగితం రాసే గుమాస్తా దగ్గరికి వెళ్ళింది.

"గుమాస్తా గారూ, మా తమ్ముడికి ఒక కేక పంపాలి."

"గడిలో కేక పట్టదమ్మా. అక్షరాలు పడతాయి."

"మీరే ఏదో ఒకటి చూడండి బాబూ. పన్నెండు పోయాయి."

గుమాస్తా చూశాడు. మర్యాదస్తుడు, అడిగిన పని కాదనడు. గడిలో అందంగా రాశాడు: "ఇక్కడ ఒక కేక ఉంది."

అవతలి ఒడ్డున తమ్ముడికి అదే చదివి వినిపించారు. "ఎక్కడుంది?" అన్నాడు. "ఇక్కడ," అన్నారు. అతను కాగితం తిప్పి చూశాడు, వెలుతురుకి పట్టి చూశాడు, చెవికి ఆనించుకున్నాడు. తిరుగు కాగితంలో బాతులు 271.

రెండోసారి బాతులామె కుదురుగా కూర్చుంది. "కేక గురించి కాదయ్యా, కేకే రాయండి. నేను పిలుస్తాను, మీకు ఎలా వినిపిస్తే అలా పెట్టండి." ఆమె పిలిచింది. గుమాస్తా ఉన్నదున్నట్టు రాశాడు. చిన్న ఊపిరికి రాతలో తోకగీతే కదా అని అది పెట్టాడు. పెద్ద ఊపిరికి పంక్తి తెంచాడు. ఏమీ లేనిచోట ఏమీ పెట్టకుండా అంత చోటు వదిలేశాడు.

అవతలి ఒడ్డున చదివేవాళ్ళు తమ పని తాము చేశారు. "క్లా" ఒక్కటే తమ్ముడికి అందింది. తోకగీత దాటిన మూడు "క్లక్"లు మేకల గడిలో పడ్డాయి, మేకల అధికారి అవి ఏ జాతివో అని వారమంతా వెతికాడు. తెగిన పంక్తి దగ్గర "హూ" అనే కొత్త మనిషి పుట్టాడు. అతని పేర ఒక ఇంటి స్థలం కూడా రాశారు. ఆ తరవాత ఖాళీ వచ్చింది. మూడోవాడు కాగితం మడిచి మజ్జిగకి వెళ్ళాడు. కింద మిగిలిన రెండు వందల ఇళ్ళవాళ్ళూ లేనట్టే లెక్క. అంతమంది ఒక్కసారిగా పోయారని అవతలి రాజు సంతాపం పంపాడు. పులుసు గొడవ తరవాత ఆయన ఆడిన మొదటి మంచి మాట అది. బాతులు 249.

బాతులామె ఇంటిముందు అరుగు మీద కూలబడింది. పక్కింటి చాపలామె తుంగ నానబెడుతూ అడిగింది. "ఏమే, నీ కేకకి ఏమైందే?"

"ముక్కలైంది వదినా. నోరు మూసుకున్నచోటల్లా ఎవడో ఒకడు కత్తిరిస్తున్నాడు."

"మరి నువ్వు నోరు మూసుకున్నట్టు వాళ్ళకి తెలియనివ్వడం ఎందుకు?"

చాపలు అల్లేవాళ్ళది రెండు ఒడ్లలోనూ ఒకటే పద్ధతి. ఆరేసి పోచలు ఒక జట్టు. ప్రతి పోచా పైకి లేవాలి, లేదా కిందికి పోవాలి. ఆరు పోచలు అలా పడే తీరులు సరిగ్గా అరవైనాలుగు. అరవైమూడు కాదు, నేను లెక్కపెట్టాను. చాపకి అటు కూర్చున్నదానికి ఇటు కూర్చున్నది కేకేసి చెప్పడానికి వీలుగా ఒక్కో తీరుకి ఒక్కో పేరు పెట్టుకున్నారు. అక్షరాలు యాభైఆరూ అయిపోతే, మిగిలిన ఎనిమిదింటికి అంకెలు వాడుకున్నారు. ఆరు పోచలూ కిందికి పోతే "అ". అన్నిటికంటే ముందు నేర్చుకునేది అదే, ఏమీ చేయకపోవడం.

"నువ్వు పిలువు," అంది చాపలామె. "నోరు తెరిస్తే పోచ లేపుతాను, మూస్తే దించుతాను."

బాతులామె పిలిచింది, చాపలామె అల్లింది. ఊపిరి దగ్గర కిందికి, "క్లక్" దగ్గర పైకి. ఏమీ లేనిచోట కూడా ఆమె చేయి ఆగలేదు, పోచలన్నీ కిందికి పోయాయి, అంతే. చివరి జట్టుకి రెండు పోచలు తక్కువైతే ఉత్త పోచలు రెండు కలిపి సరిచేసింది. ఆ తరవాత గుమాస్తా దగ్గర కూర్చుని చాపని జట్టు జట్టుగా చదివింది. ఒక్క తోకగీత లేదు, ఒక్క ఖాళీ లేదు. ఎక్కడో మధ్యలో "అఅఅ" అని వచ్చింది.

"ఒక్క కేకకి ఇంత చోటా?" అన్నాడు గుమాస్తా.

"మూడు బుట్టల సరుకు నాలుగు బుట్టల్లో వెళుతుంది నాయనా. నాలుగోది నీ కాపలావాళ్ళకి," అంది చాపలామె. "అదుగో, పైన గడి పేరు దగ్గర 'చాప' అని రాయి. మరిచిపోకు."

గడి పేర్లు ఆస్థానం పెట్టినవి. ఒక బాతులామె కోసం వాటిని మార్చడం గుమాస్తాకి నచ్చలేదు. "చెప్పవలసినది" అనే ఉంచాడు.

ఈసారి కాగితం చెక్కుచెదరకుండా చేరింది. అదే కొంప ముంచింది. చదివేవాళ్ళు అందులో కత్తిరించడానికి ఏమీ దొరక్క ఆస్థాన పండితుల దగ్గరికి తీసుకెళ్ళారు. పైన "చెప్పవలసినది" అని ఉంది కాబట్టి పండితులు దాన్ని చెప్పారు, గట్టిగా, రాగం తీసి. "గఝఅఅఅ౭ఱబ" అన్నచోట ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"మూడుసార్లు 'అ' అనడంలోనే ఉంది వేదనంతా."

"ఆ ఏడు ఏమిటండీ?"

"సప్తసముద్రాలు."

తమ్ముడిని పిలిపించి దండ వేశారు. మీ అక్క మహాకవి అన్నారు.

"అయ్యా, మా అక్కకి రాయడం రాదు," అన్నాడతను.

"అందుకే ఇంత సహజంగా ఉంది," అన్నారు.

దండ మెడలో ఉండగానే అతను రేవుకి పరిగెత్తాడు. బాతులు 221. కాగితం ఇటు వచ్చినప్పుడు ఆ అంకె పక్కన రెండో గడిలో ఉన్నది ఇంతే: "అక్కా, పద్యం బాగుందట."

బాతులామె ఆ కాగితం పట్టుకుని గుమాస్తా బల్లకెదురుగా నిలబడింది. అరవలేదు. "గుమాస్తా గారూ, మీ ఇంట్లో ఉప్పు జాడీ మీద ఏమని రాసి ఉంటుంది?"

"ఉప్పు అనే."

"ఎప్పుడూ ఉప్పేనా?"

గుమాస్తా ముఖం మారింది. "నిరుడు మా ఆవిడ పుట్టింటికి వెళ్ళినప్పుడు అందులో చాకలిసోడా ఉంది. కూర వండుకున్నాను. మూడు రోజులు..."

"నా బాతులు డెబ్బైతొమ్మిది పోయాయి," అంది ఆమె.

గుమాస్తా ఈ వారం కాగితం ముందుకు లాక్కున్నాడు. కలం తీసి, చాప అక్షరాలు మళ్ళీ ఎక్కించి, ఆస్థానం పెట్టిన పేరు కొట్టేసి, పైన "చాప" అని రాశాడు. అక్షరాలు స్పష్టంగానే పడ్డాయి.

ఆ కాగితం అవతలికి చేరాక పండితులు దాన్ని చూసి, చాప గనక తమకి సంబంధం లేదని తమ్ముడి చేతిలో పెట్టేశారు. అతను దాన్ని అవతలి ఒడ్డు చాపలామె దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె అక్షరాలు చదువుతూ పోచలు లేపింది, దించింది. మధ్యాహ్నానికి అరచేతి వెడల్పున ఒక పొడుగాటి చాప తయారైంది.

"వేలు పెట్టి తడుముకుంటూ పో," అంది ఆమె. "లేచినచోట నోరు తెరువు, దిగినచోట మూయి. నీ సొంత తెలివి కలపకు."

పొద్దువాలే వేళకి అతను నీళ్ళ పక్కన నిలబడ్డాడు. వేలు చాప మీద కదిలింది. "క్లా." ఊపిరి. మూడు "క్లక్"లు. ఊపిరి. "హూ." ఆ తరవాత వేలికింద అంతా చదును. అతనికి ఏదో ఒకటి అనాలనిపించింది. పుట్టినప్పటి నుంచీ అలాంటి చోట ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. పళ్ళు బిగబట్టుకుని వేలు జరిపాడు. నీళ్ళ మీద రెండు వందల తలలు తిరిగాయి. చాప చివర ఒక్క పోచ లేచి ఉంది.

"బా," అన్నాడు.

ఇవతలి ఒడ్డున బాతులామెకి ఇవేమీ తెలియవు. ఆమె తిరుగు కాగితం కోసం కూర్చుంది. అది వచ్చింది. బాతులు 214. కాగితం చేరేలోపు ఇంకో ఏడు పోయాయన్నమాట. రెండో గడి నిండా ఒకటే అక్షరం: అఅఅఅఅఅఅఅఅఅఅ. అలా చాలా దూరం పోయింది. చివరికి ఎక్కడో ఒకటి వేరేది, మళ్ళీ అఅఅ.

చదివేవాళ్ళు ముగ్గురూ నవ్వారు. "మీ తమ్ముడు ఇప్పుడే ఓనమాలు మొదలుపెట్టినట్టున్నాడు, 'అ' దగ్గరే ఆగిపోయాడు."

బాతులామె పైన చూసింది. అక్కడ "చాప" అని ఉంది.

ఆమె దాన్ని పక్కింటికి తీసుకెళ్ళింది. చాపలామె సాయంత్రం దాకా అల్లింది. ఎక్కడా ఎత్తుపల్లం లేని ఉత్త చదును చాప. చివరకి దగ్గరలో ఒక్క పోచ ఒక్కసారి లేచి, మళ్ళీ దిగిపోయింది. అంతే, ఇంకేమీ లేదు.

"ఇదేం పంపాడే, తెలివితక్కువవాడు," అంది చాపలామె.

బాతులామె ఆ చాప మీద మెల్లగా చేయి వేసి ఈ కొస నుంచి ఆ కొసకి నిమిరింది. పోచ లేచినచోట ఒక్క క్షణం ఆగి చిన్నగా నవ్వింది. "బాతులు దడిలో నిద్రపోతున్నాయి. ఒకటి కలవరిస్తోంది," అంది. తరవాత దాన్ని అరుగు మీద పరుచుకుని పడుకుంది. నాలుగు వారాల తరవాత అది ఆమెకి మొదటి నిద్ర.

అవతలి ఒడ్డు బడుల్లో పిల్లలు ఇప్పటికీ ఆ పద్యం కంఠస్థం చేస్తారు. "అఅఅ"కి అంతరార్థం రాయమని అడుగుతారు. రెండు మార్కులు.

పిల్లలూ, దీన్ని మీ తరవాతివాళ్ళకి చెప్పండి. మీరు ఏ భాషలో మాట్లాడుకుంటారో ఆ భాషలోనే చెప్పండి, నేనేమీ అనుకోను. కాస్త బరువు పెరిగినా ఫరవాలేదు. కాని మొదట ఇది ఏమిటో చెప్పి, ఆ తరవాత చెప్పండి. ఏమీ లేనిచోట్లని మాత్రం వదిలేయకండి, అవి కూడా లెక్కపెట్టి ఇవ్వండి.