కొండ కొడుకు పిలుపు

ఒకప్పుడు కొండలకు సొంత మాటలుండేవి. ఐర్లండు పడమటి తీరాన, సముద్రంలోకి నిట్టనిలువుగా దిగే కొండ ఒకటి మరీ వాగుడుకాయ. వాన వస్తోందనీ, చేపలు వస్తున్నాయనీ కింది పల్లెకు కేకేసి చెప్పేది. తోచనప్పుడు మనుషుల గొంతులు అనుకరించి నవ్వించేది.

ఆ పల్లెలో నూలా అనే ఆమెకు భర్త పోయాడు. మిగిలింది ఒక్కడే కొడుకు, లోర్కన్. పెళ్లీడుకొచ్చినవాడు. నడుముకు తాడు కట్టుకుని, పక్షిగుడ్ల కోసం కొండ అంచునుంచి దిగేవాడు. పైన తాడు పట్టుకునేది వాడి చిన్నాన్న ఫెలిమ్.

ఒకరోజు లోర్కన్ సగం దిగాడో లేదో, చేపల గుంపు వచ్చిందని కొండ కేక పెట్టింది. ఇప్పుడే వచ్చేద్దాంలే అనుకుని, ఫెలిమ్ తాడును ఒక రాతికి చుట్టి ఒడ్డుకు పరుగెత్తాడు. తాడు అంచుకు ఒరుసుకుని ఒరుసుకుని తెగింది.

లోర్కన్ కింద, కొండకు పొడుచుకొచ్చిన చిన్న రాతిగట్టు మీద పడ్డాడు. కాలు విరిగింది. ఎంత అరిచినా అలల హోరే మింగేసింది.

"నీ గొంతు చాలదు నాయనా, నేను పిలుస్తాను," అంది కొండ. వాడి మాటలే, వాడి గొంతుతోనే, "అమ్మా, పైకి లాగండి" అని పల్లెకు వినిపించింది.

గాలి పెదవి విరిచింది. వలలో చేపలుండగా మనుషులకు చెవులుండవంది.

ఒడ్డున అందరికీ వినిపించింది. ఎవరూ వల వదల్లేదు. నూలా మాత్రం చేపలు కోసే కత్తి కింద పెట్టి లేచింది.

తాడు వదిలేసి వచ్చానని చెప్పడానికి ఫెలిమ్‌కు నోరు రాలేదు. "వాడెప్పుడో ఇంటికి పోయాడు వదినా. ఆ అరిచేది మన కొడుకు కాదు, మకల్లా," అన్నాడు.

ఆ మాట అప్పుడే పుట్టింది. వాళ్ల భాషలో మాక్ అంటే కొడుకు, ఆల్ అంటే నిట్టనిలువు కొండ. ఇల్లు అనే మాట 'ఇంటి పెద్ద'లో ఇంటి అయినట్టే, ఆల్ అక్కడ అల్లా అవుతుంది. మకల్లా అంటే కొండ కొడుకు. కొండ మళ్లీ వెక్కిరిస్తోందని అందరూ నవ్వారు.

నూలాకూ నమ్మాలనే ఉంది. ఎదుట చేపలు ఎండకు పాడైపోతున్నాయి. కూర్చుని మళ్లీ కత్తి పట్టింది. కొండ పిలుస్తూనే ఉంది.

పొద్దువాలుతుండగా ఇంటికెళ్తే కొడుకు లేడు. కొండెక్కి తొంగి చూసింది. గట్టు మీద వాడున్నాడు, ప్రాణం లేదు.

ఆ భాషలో కొడుకును పిలిచేటప్పుడు మాక్ అనరు. పిలుపులో ఆ మాట మొదలు మెత్తబడి, "అ విక్" అవుతుంది. ఓ కొడుకా అని. నూలా అలాగే పిలిచింది. తనకెందుకు చెప్పలేదని కొండను తిట్టింది.

"పొద్దున్నుంచీ చెప్తూనే ఉన్నాను," అంది కొండ. "నా నోట వచ్చింది కాబట్టి మీరు నమ్మలేదు. ఇక నాకు మాటలొద్దు. ఎవరి కేక వాళ్లే వినండి."

నూలా మళ్లీ పిలిచింది. "విక్" అని మాత్రమే బదులొచ్చింది.

అప్పటినుంచే కొండలకు సొంత మాట లేదు. మనం అరిచినదే, అదీ చివరి ముక్క, మనకు తిప్పి ఇస్తాయి. ఐర్లండువాళ్లు ఆ ప్రతిధ్వనిని నేటికీ మకల్లా అనే అంటారు. అది వినిపిస్తే, ఎవరు పిలిచారా అని లేచి చూసేవాళ్లు లేరు.