నీటికాకి గొంతులో ప్రాణం

చాలా చాలా కాలం కిందటి సంగతి పిల్లలూ. సూర్యుడు పొద్దున్నే ముందుగా పలకరించే జపాను దీవుల్లో, ఉత్తరాన మంచుకొండల కింద, మినోసాకి అని ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు తకమారు, నడిమివాడు యోరిమారు, చిన్నవాడు హిసామారు.

ఆ దేశంలో వసంతం రాగానే చెర్రీ చెట్లు ఆకు కనబడకుండా పూస్తాయి. రాజూ పేదా అందరూ ఆ చెట్ల కింద చాపలు పరుచుకుని, అన్నం ముద్దలు తింటూ, పాటలు పాడుకుంటూ పొద్దు గడుపుతారు. ఆ ఏడాది హిసామారు మాత్రం రాలేదు. జ్వరం పడి లేచాడేమో, కొండ మీద వేడినీటి బుగ్గల దగ్గర ఉండి ఒళ్లు బాగుచేసుకుంటున్నాడు.

పండుగ మధ్యలోకి రైగాన్ అనే మాంత్రికుడు పిలవకుండానే వచ్చాడు. చేతిలో నల్లటి కుండ ఉంది.

"రాజా, నా దీవిలో నేనొక్కణ్నే ఉంటాను. వినడానికి ఏమీ లేదు. మీవాళ్ల పాటలు నాకు ఇచ్చెయ్యి" అన్నాడు.

"పాటలు ఇచ్చేవి కావయ్యా, కూర్చుని వినేవి. రా, మా పక్కన కూర్చో" అన్నాడు రాజు.

"నేను ఎవరి పక్కనా కూర్చోను" అని రైగాన్ కుండ మూత తీశాడు.

అంతే. పాడేవాళ్ల పాట నోట్లోనే ఆగిపోయింది. నవ్వేవాళ్ల నవ్వు వినపడకుండా పోయింది. కొండ కిందనున్న రాజ్యంలోని గొంతులన్నీ, తీరం పొడవునా ఉన్న పల్లెల గొంతులతో సహా, ఆ కుండలోకి వెళ్లిపోయాయి. తకమారు పడవెక్కి మాంత్రికుడి వెంట వెళ్లాడు, తిరిగి రాలేదు. యోరిమారు అన్నను వెతుక్కుంటూ వెళ్లాడు, అతనూ తిరిగి రాలేదు.

హిసామారు కొండ దిగి ఇంటికొచ్చాడు. "నాన్నగారూ!" అని పిలిచాడు. రాజు పెదవులు కదిలాయి, మాట రాలేదు. "అమ్మా!" అని పిలిచాడు. రాణి పొడవాటి అంగీ చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. కాగితపు తలుపుల గదుల్లో అతని గొంతు ఒక్కటే తిరిగేది. రానురాను జనం అతన్ని చూసి పక్కకు తప్పుకునేవారు. ఆ గొంతు వింటే వాళ్లకు పోయినవి గుర్తొచ్చేవి. అది తెలిసి హిసామారు మాట్లాడటం మానేశాడు.

ఒకనాడు ఉండబట్టలేక కొండెక్కి గట్టిగా అరిచాడు. "ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నానయ్యా, అంత అరవకు" అంది ఒక ముసలి కోతి. నెత్తి మీద మంచు పడుతున్నా వేడినీళ్లలో మెడదాకా మునిగి కూర్చుంది. "రైగాన్ మనుషుల మాటలే పట్టుకుపోయాడు. మా మాటలు అతనికి అక్కర్లేదు."

హిసామారు ఆనందంతో ఏడ్చేశాడు. కోతి అతని ఏడుపు అయ్యేదాకా ఆగి చెప్పింది. "అతని ప్రాణం అతని ఒంట్లో లేదు. ఏడు సముద్రాల అవతల అతను పెంచే నీటికాకి గొంతులో ఉంది. చేపలు మింగకుండా మీ జాలర్లు నీటికాకి మెడకు తాడు కడతారే, అలా కట్టాడు. ఆ తాడు కత్తికి తెగదు. సముద్రం అడుగు నీళ్లు తగిలితేనే వదులవుతుంది. కాకి ఆ ప్రాణాన్ని మింగేసిందా, ఇక రైగాన్ ఉండడు."

"నాతో వస్తావా?"

"చన్నీళ్లు నాకు పడవు బాబూ" అంది కోతి జాలిగా.

హిసామారు ఒక్కడే పడవెక్కాడు. ఒక సముద్రం దాటి "ఎవరైనా ఉన్నారా?" అని పిలిచాడు. జవాబు లేదు. ఇంకో సముద్రం దాటి పిలిచాడు. అలల చప్పుడే వచ్చింది. ఆరో సముద్రం దాటేసరికి అతని పిలుపు అతనికే వింతగా వినిపించింది. అప్పుడు సన్నగా, పొడుగ్గా ఒక ఈల వినపడింది.

రాళ్ల మధ్య నీళ్లలోంచి ఒక అమ్మాయి తేలింది. పేరు ఇసోయే. అక్కడి ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకు మునిగి గవ్వలు, నాచు తెస్తారు. పైకి తేలగానే బిగబట్టిన ఊపిరిని ఈలగా వదులుతారు. వాళ్ల మాటల్నీ రైగాన్ ఎప్పుడో పట్టుకుపోయాడు, ఊపిరి మాట కాదు కనక దాన్ని వదిలేశాడు.

"అవునంటే ఒక ఈల, కాదంటే రెండు" అన్నాడు హిసామారు. "నువ్వు ఒంటరిదానివా?"

ఒక ఈల.

అతను వచ్చిన పని అంతా చెప్పి, "నాతో వస్తావా?" అని అడిగాడు. ఆమె ఒక ఈల వేసింది. తర్వాత గవ్వలు వేసుకునే, తన పేరు రాసున్న చెక్కతొట్టి తెచ్చి అతని పడవలో పెట్టింది.

ఏడో సముద్రమూ దాటాక ఇసోయే రేవు దగ్గర నీళ్లలో దాగింది, హిసామారు ఒక్కడే దీవి ఎక్కాడు. రైగాన్ దీవిలో తెల్లటి ఇసుకను అలల్లాగా దువ్విన తోట ఉంది. గుమ్మానికి అటూ ఇటూ రెండు రాతి దీపస్తంభాలు. దగ్గరికెళ్లి చూస్తే ఒకదానికి పెద్దన్న నుదురు, ఇంకోదానికి చిన్నన్న గడ్డం కనిపించాయి. హిసామారు ఆ రాళ్లను చేత్తో తడిమాడు. అంతలో రైగాన్ బయటికొచ్చాడు.

"నీకు గొంతెలా మిగిలింది?"

"పండుగకు రాలేదు స్వామీ. కావాలంటే ఇచ్చేస్తాను. ముందు మీ పడవ నడపనివ్వండి. మీ నీటికాకి చేత పెద్ద చేపలు పట్టిస్తాను."

చేపలంటే రైగాన్‌కు ప్రాణం. సరేనన్నాడు. మొదటి సాయంత్రం నీటికాకిని మూరెడు తాడుతో వదిలాడు. వేలెడు చేప వచ్చింది. రెండో సాయంత్రం బారెడు వదిలాడు. జానెడు చేప వచ్చింది. మూడో సాయంత్రం హిసామారు అన్నాడు, "పెద్దవి అడుగునే ఉంటాయి స్వామీ. తాడంతా వదలండి. అందాకా మీకో పాట పాడతాను."

పడవ చాటున నీళ్లలో దాగిన ఇసోయే నీటికాకిని పట్టుకుని మునిగింది. హిసామారు చిన్నప్పుడు అమ్మ పాడిన జోలపాట అందుకున్నాడు. రైగాన్ కుండల్లో వేల గొంతులున్నాయి, కానీ ఎదురుగా కూర్చుని అతని కోసం పాడినవాళ్లు ఎవరూ లేరు. అతను కళ్లు మూసుకున్నాడు. తాడు అలా జారిపోతూనే ఉంది.

అడుగు నీళ్లు తగిలి మెడతాడు వదులయింది. నీటికాకి గొంతులోని ప్రాణాన్ని గుటుక్కున మింగింది.

రైగాన్ కళ్లు తెరిచాడు. "ఆపకు" అన్నాడు. పొద్దుటి మంచులా కరిగిపోయాడు.

హిసామారు పాట ఆపలేదు. ఎందుకో అతనికి ఏడుపొచ్చింది. దీవిలో కుండలు పగిలాయి, గొంతులన్నీ పక్షుల గుంపులా ఇళ్ల దారి పట్టాయి. ఇసోయే మాత్రం పైకి రాలేదు. పాట అయిపోయింది. అయినా రాలేదు. "ఇసోయే! ఇసోయే!" అని అతను నీళ్ల మీదికి వంగి పిలిచాడు.

దూరంగా నీళ్లు కదిలాయి. "చాలా లోతు" అంది ఆమె. తన గొంతు తనే విని ఉలిక్కిపడింది.

తోటలో అన్నలిద్దరూ కళ్లు నులుముకుంటున్నారు. "కాళ్లు పీకుతున్నాయిరా" అన్నాడు తకమారు తమ్ముణ్ని కౌగిలించుకుని. ఇంటికి చేరాక అన్నలిద్దరూ, రాళ్లలా ఇంక ఒకచోట నిలిచేది లేదని, తమకు రావలసిన సింహాసనం తమ్ముడికిచ్చి దేశాలు చూడ్డానికి వెళ్లిపోయారు.

హిసామారుకూ ఇసోయేకూ పెళ్లయింది. ఆ దేశపు ఆచారం ప్రకారం తెల్లపట్టు కట్టుకుని, మూడు గిన్నెల్లోంచి మూడేసి గుక్కల బియ్యపు సారా తాగారు. కానీ పిల్లలూ, ఒంటరితనం ఒక్కరోజులో దిగేది కాదు. విందులో అందరూ నవ్వుతుంటే హిసామారు లేచి వెళ్లి వసారాలో కూర్చునేవాడు. ఇసోయే వచ్చి పక్కన చేరేది.

"లోపలికి వెళ్దామా?" అని అడిగేది.

"ఇంకాసేపు."

ఆమె టీ పోసేది. వాన చూస్తూ ఇద్దరూ తాగేవారు. చల్లారితే మళ్లీ పోసేది. అలా తలలు నెరిసేదాకా కలిసి కూర్చుని, మినోసాకిని చల్లగా ఏలారు.