రెండు గ్లాసుల బియ్యం

షేర్ల సంగతి అడిగితే సన్యాసిరాజు మేష్టారు సూటిగా జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. కొనమనరు, అమ్మమనరు. విశాఖపట్నంలో ఆయన మేడమీది గదికి ఆదివారం పొద్దున్నే షేర్ల పాఠాలకు చేరే శిష్యులందరూ ఈ విషయంలో ఆయన్ని తిట్టుకున్నవాళ్ళే. అయినా మళ్ళీ ఆదివారానికి ఠంచనుగా వచ్చేవారు.

ఆ రోజు అందరూ వెళ్ళిపోయినా భానోజీరావు ఒక్కడూ కూర్చుండిపోయాడు. ఇంటికి వెళితే పలకరించే దిక్కు లేదు. భార్య కాంతామణి పోయి ఏడాది కావస్తోంది.

"మేష్టారూ, చిప్పులకు గిరాకీ పడిపోతోంది. ఫోన్లు, లాప్‌టాప్‌లు చేసేవాళ్ళు కొనడం తగ్గించేశారు. ఇలాంటప్పుడు టెక్నాలజీ షేర్లలో దేన్ని ఎంచుకోవాలండీ? సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకటి చూసిపెట్టాను, నిలకడగానే ఉంది. కానీ నా దగ్గరున్న చిప్పుల కంపెనీ షేర్లు మా ఆవిడ ఏరికోరి కొన్నవి. రేటు పడినప్పుడల్లా ఇంకాస్త కొనమనేది. నేనూ అలాగే కొంటూ వస్తున్నాను. రేపు ఆవిడ గాజులు అమ్మి, మరికొన్ని కొందామని..."

గాజులు జేబులోనే ఉన్నాయి. మాట్లాడుతున్నంతసేపూ అతను జేబుమీంచి చెయ్యి తియ్యలేదు.

"గోదాముల్లో సరుకు పేరుకుపోయిందని ఆ కంపెనీవాళ్ళే చెప్పుకున్నారు కదా?" అన్నారు మేష్టారు.

"అవునండీ. అయినా ఫ్యాక్టరీ జోరు తగ్గించలేదు. పాత గిరాకీ మళ్ళీ వస్తుందని వాళ్ళ ధీమా."

మేష్టారు కండువా భుజాన వేసుకున్నారు. "ఆకలేస్తోంది. పద, మీ ఇంట్లో భోంచేస్తాను."

ఇల్లు ఏ అవతారంలో ఉందో తలుచుకుని భానోజీ బిక్కచచ్చిపోయాడు. కానీ మేష్టారి మాట కాదనగలిగేదెవరు? పొద్దున వండిపెట్టి వచ్చిన అన్నమే వడ్డించాడు. మేష్టారు మంచి భోజనప్రియులు. మారు వడ్డించుకుని మరీ తిన్నారు. అయినా భానోజీకి తక్కువ కాలేదు.

"నేనొస్తానని కలగన్నావా ఏమిటి? ఇద్దరికీ సరిగ్గా సరిపోయిందే!"

"రోజూ ఇంతేనండీ. రెండు గ్లాసులు పోస్తాను. ఆవిడ ఉన్నప్పటి అలవాటు."

పెరుగు కోసం మేష్టారే లేచి ఫ్రిజ్ తలుపు తీశారు. పెరుగు గిన్నె ఓ మూల నక్కి ఉంది. మిగతా చోటంతా అన్నం గిన్నెలే. నిన్నటిది, మొన్నటిది, అంతకుముందుది. అడుగున ఉన్నది పులిసి వాసనేస్తోంది.

"ఇదంతా ఎవరికి, భానోజీ?"

అతను తల ఎత్తలేదు. కంచంలో వేళ్ళు కదిలాయి గానీ ముద్ద లేవలేదు. ఇన్నాళ్ళూ ఎవరి ముందూ తడవని కళ్ళు అప్పుడు తడిశాయి.

"ఒక్క గ్లాసు పోస్తే ఆవిడ లేదని ఒప్పుకున్నట్టేనండీ. ఆవిడ లేని ఇల్లు భరించలేను మేష్టారూ."

మేష్టారు ఓదార్చలేదు. అతను కళ్ళు తుడుచుకునేదాకా ఎదురుగా కూర్చున్నారు. తరవాత చెయ్యి కడుక్కుని గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నారు. భానోజీ వెనకాలే వచ్చాడు. జేబుమీద చెయ్యి ఇంకా అలాగే ఉంది.

"మరి రేపు షేర్ల సంగతి ఏం చెయ్యమంటారు?"

మేష్టారు మెట్ల మీద ఆగారు.

"రాత్రికి ఒక్క గ్లాసే పొయ్యి. అది తిన్నాక వచ్చి అడుగు."