తిప్పమ్మ పిన్నికి వారసుడెవరు

ఒకానొక రాజ్యంలో రాజుగారి మీసానికి ప్రత్యేకంగా ఒక శాఖ ఉండేది. నెయ్యి పూయడానికి ఒకడు, దువ్వడానికి ఒకడు, బాగుందని చెప్పడానికి నలుగురు. ఆ నలుగురిలో నాలుగోవాణ్ణి నేను.

అలాగని నన్ను తక్కువగా చూడకండి. నేను బాగా చదువుకున్నవాణ్ణి. ధర్మశాస్త్రాలు చదివాను, నీతిగ్రంథాలు చదివాను, ఓడల మీద వచ్చిన పరదేశపు కరపత్రాలూ చదివాను. "చెమటే అసలైన కిరీటం!" "సింహాసనం కదలాలి, సామాన్యుడు కూర్చోవాలి!" ఇలాంటి నినాదాలు నా దగ్గర మూటలకొద్దీ ఉండేవి. ఒక్కటీ నా సొంతం కాదు. సాయంత్రం సత్రం అరుగు మీద గొంతు చించుకుని వాటిని అరిచేవాణ్ణి. పొద్దున్నే కొలువుకెళ్ళి "ప్రభూ, ఈ రోజు కుడివైపు మరింత గంభీరంగా ఉంది" అనేవాణ్ణి.

రాజుగారి పేరు ఉద్దండ భూపాలుడు. తన గురించి ఎప్పుడూ "మేము" అనే చెప్పుకునేవారు. తుమ్మితే "మేము తుమ్మితిమి" అని ప్రకటించేవారు. మేము నలుగురం చప్పట్లు కొట్టేవాళ్ళం.

ఆ ఊళ్ళో ఎర్రన, తిప్పమ్మ అని గాజులు చేసుకునే దంపతులు ఉండేవారు. ఒక ఏడు వరదకు వాళ్ళ బట్టీ కొట్టుకుపోయింది. మళ్ళీ కట్టుకోవడానికి ఖజానాలో అప్పు చేశారు. అది తీర్చలేక చేతులెత్తేస్తే రాజుగారు దయతలచి పత్రం రాయించారు. ఏడేళ్ళపాటు నెలకు రెండు వరహాలు కడితే అప్పు చెల్లినట్టే. ఒక్క నెల తప్పినా బట్టీ జప్తు.

పత్రంలో ఇంకో మాట కూడా ఉంది. "గడువులోగా ఈ దంపతులకు వారసత్వంగా ఏది వచ్చినా అదంతా ఖజానాదే. నెల నెలా కట్టవలసింది మాత్రం యథాప్రకారం కట్టాలి."

ఆ మాట రాసింది నేనే. వారసత్వమే అన్ని అన్యాయాలకూ మూలమనీ, ఖజానా అంటే ప్రజలేననీ చెప్పే కరపత్రం ఒకటి ఆ వారమే చదివాను. రాస్తుంటే ఒళ్ళు పులకరించింది కూడా. మా రాజ్యంలో ఖజానా అంటే ముఖ్యంగా మీసం నెయ్యి అని నాకు తట్టలేదు.

దంపతులు ఐదేళ్ళు ఒక్క నెలా తప్పకుండా కట్టారు. ఆరో ఏడు మొదట్లోనే బట్టీ పైకప్పు కూలింది. బాగుచేసుకోకపోతే గాజులు లేవు, గాజులు లేకపోతే వచ్చే నెల కట్టడానికి వరహాలు లేవు.

సరిగ్గా అప్పుడే తిప్పమ్మ పిన్ని కొండమ్మ పోయింది. ఆమెకు పిల్లలు లేరు. "నా తర్వాత నా ముంత నా తిప్పకే" అని నలుగురి ముందూ చెప్పి మరీ కన్నుమూసింది. ముంతలో నూట ఇరవై వరహాలున్నాయి. మిగిలిన రెండేళ్ళ బాకీ నలభై ఎనిమిది ఒక్కసారే కట్టేసినా, పైకప్పుకు కావలసినంత మిగులుతుంది. ఎర్రన కొరివి పెట్టి, రోజూ తడిబట్టలతో కర్మ చేస్తున్నాడు. తొమ్మిదో రోజున భటులొచ్చి ముంత ఎత్తుకుపోయారు.

దంపతులు కొలువుకు వచ్చారు. మైలలో ఉన్నారు కనుక గడప బయటే నిలబడ్డారు.

నాకు రక్తం మరిగింది. తప్పు నాది కనుక ఇంకాస్త ఎక్కువే మరిగింది. ముందుకు దూకి అరగంట ప్రసంగించాను. చెమట, కిరీటం, సింహాసనం, సామాన్యుడు, దేన్నీ వదల్లేదు.

రాజుగారు కళ్ళు మూసుకుని విన్నారు. "చెమటే అసలైన కిరీటం. ఆహా! ఎల్లుండి మా పట్టాభిషేక దినానికి పొరుగు రాజులు రేపే దిగుతున్నారు కదా. ఈ వాక్యం మా విగ్రహం కింద చెక్కించండి" అన్నారు.

నేను వెనక్కి వచ్చి నా చోట నిలబడ్డాను.

"చిన్నయ్యా, అయిపోయిందా?" అంది తిప్పమ్మ గడప బయటినుంచి. "ఇక నేను మాట్లాడొచ్చా? దొరా, ఒక్క సందేహం. మా పిన్నికి వారసులెవరు?"

"పత్రం చూసుకో. ఆమె ఆస్తి సమస్తం మాది. వారసులం మేమే!" అన్నారు రాజుగారు మీసం మెలేస్తూ.

"అందరూ విన్నారు కదా" అంది తిప్పమ్మ. వెంటనే మొగుడి చెయ్యి పట్టుకుని గడప దాటి లోపలికి వచ్చేసింది.

"ఆగు! మైలతో కొలువులోకా?" అని రాజుగారు గద్దించారు.

"మైల ఇంకా మాదెందుకవుతుంది దొరా? వారసులు తమరు కదా. మైలా తమరిదే."

నెయ్యి పూసేవాడు గిన్నె కింద పెట్టాడు. మీసం బాగుందని చెప్పే మేము నలుగురం రాజుగారికి రెండడుగులు ఎడంగా జరిగాం. ఎవరూ చెప్పకుండానే, చక్కగా ఒకేసారి జరిగాం.

"రేపు పదో రోజు" అంది తిప్పమ్మ ఎంతో వినయంగా. "ఏటి ఒడ్డుకు మంగలిని రమ్మన్నాం. గడ్డం, తల, మీసం అన్నీ తీయించుకోవాలి. తర్వాత తడిబట్టతో పిండం పెట్టి, కాకి ముట్టేదాకా తమరు పిలవాలి. మా పిన్ని బతికున్నప్పుడే ఓ పట్టాన దేనికీ ఒప్పుకునేది కాదు దొరా. సాయంత్రమవుతుందేమో."

రాజుగారి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. "ఓయ్, చదువుకున్నవాడా! శాస్త్రం ఏమంటోంది?"

నేను చదివిన వందల పుస్తకాల్లో పనికొచ్చే ముక్క ఒక్కటంటే ఒక్కటి దొరికింది. "ప్రభూ, ఆస్తి ఎవరు తీసుకుంటే పిండం వారే పెట్టాలి."

"అయితే ఆ ఎర్రన మా తరఫున పెడతాడు."

"పెడతాను దొరా" అన్నాడు ఎర్రన. అంతసేపట్లో అతను నోరు విప్పింది అప్పుడే. "ముంత కూడా మీ తరఫున నేనే తీసుకుంటాను."

"వద్దు! మేము వారసులం కాము. ఊరికే ముంత మాత్రం తీసుకుంటాము."

తిప్పమ్మ తల వంచి నమస్కరించింది. "పత్రంలో ఉన్నది వారసత్వం అన్న మాటే కదా దొరా. తమరు వారసులు కాకపోతే, ఊరికే ముంత ఎత్తుకెళ్ళేవాణ్ణి మా పేటలో ఇంకో మాట అంటారు. తమరి ముందు అనకూడదులెండి."

రాజుగారి ముఖం ఎర్రబడింది. ఆయన సింహాసనం మీంచి సగం లేచారు. నున్నటి మూతితో, తడిబట్టతో ఏటి ఒడ్డున నిలబడి, పొరుగు రాజులందరూ చూస్తుండగా "కావ్ కావ్" మంటున్న తమనే ఊహించుకున్నారేమో, ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది. ఆ తర్వాత కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతూ కూలబడ్డారు.

"మేము... కాదు కాదు, నేను ఓడిపోయానమ్మా" అన్నారు. ఆయన నోట "నేను" అన్న మాట మేము వినడం అదే మొదలు. "బాకీ నలభై ఎనిమిదే ఖజానాకు. మిగతాది నీది. ఆ వారసత్వం మాట అన్ని పత్రాల్లోనూ కొట్టేయండి. వచ్చే పండక్కి రాణివాసం గాజులన్నీ నువ్వే ఇవ్వాలి."

"ఇస్తాను దొరా. సగం సొమ్ము ముందుగా ఇప్పించండి. రాణివాసానికి అరువు బేరం మాకు అచ్చిరాదు."

రాజుగారికి మళ్ళీ నవ్వాగలేదు. సగం కాదు, మొత్తం ముందే ఇప్పించారు.

భటులు ముంత తెచ్చి ఇచ్చారు. తిప్పమ్మ అక్కడే, అందరి ముందూ అందులోంచి నలభై ఎనిమిది వరహాలు లెక్కపెట్టి, చెల్లుచీటీ అడిగింది. రాసే పని నాకు పడింది. గంటం పట్టుకుని ఆవేశంగా మొదలుపెట్టాను. "యుగయుగాల సంకెళ్ళు తెంచుకుని, శ్రమశక్తి శిరసెత్తిన ఈ శుభముహూర్తాన..."

"ఇంత పొడుగెందుకు చిన్నయ్యా?" అంది తిప్పమ్మ నా భుజం మీదుగా చూస్తూ. "నలభై ఎనిమిదీ ముట్టింది, చెల్లు. అంతే రాయి."

అంతే రాశాను. రాజముద్ర పడింది. ఎర్రన ఆ చీటీని రెండు చేతులా పట్టుకుని బయటికెళ్ళి, ఎండలో చాలాసేపు నిలబడ్డాడు.

"ఏమే, రేపు ఏటికి నేనే వెళ్ళాలి కదూ?" అన్నాడు చివరికి.

"నువ్వు కాక రాజుగారెళతారా? పద పద, తెల్లవారకముందే లేవాలి. పిన్నికి ఆలస్యం గిట్టదు."