నత్తల సూది

కటలోనియాని ఏలే గిల్లెం రాజుకి కొడుకు పుట్టాడు. ఆ సంబరంలో ఆయనకో సరదా పుట్టింది. పిల్లాడి తల్లివైపు వాళ్ళ మీద ఓ పాట కావాలన్నాడు. నచ్చితే జరీ అంగీ బహుమానం!

రాణి ఆగోతా హంగేరీ ఆడపడుచు. ఆస్థానకవి బెరెంగెర్ హంగేరీ పొలిమేర కూడా ఎరగడు. అయితేనేం, కలానికి అడ్డేముంది! నామకరణం విందులో గొంతు సవరించుకుని పాడేశాడు. హంగేరీ వాళ్ళు పచ్చిమాంసం జీను కింద పెట్టి, గుర్రమెక్కి ఊరేగి, మెత్తబడ్డాక తింటారట! స్నానమంటే పారిపోతారట!

సభ పగలబడి నవ్వింది. రాణి ఉయ్యాల వైపు చూసి తల దించుకుంది. రేపు కొడుకు ఈ పాట వింటూ పెరుగుతాడు, తల్లిని చూసి నవ్వుతాడు. ఆ దిగులుతో ఆమెకి ముద్ద దిగలేదు.

రాజు ఇబ్బందిగా కదిలాడు. "ఇదంతా నిజమేనా, కవీ?"

"అక్షరాలా నిజం, ప్రభూ! ఏ జనం సంగతులైనా చెప్పించండి, వాళ్ళెవరో ఇట్టే చెప్పేస్తాను."

"సరే. నీ మాట తప్పని తేల్చిన వాళ్ళకి అంగీ ఇస్తాను, పాట చించేస్తాను. లేదంటే ఏటా పిల్లాడి పుట్టినరోజుకి ఇదే పాడిస్తాను."

రాణితో పుట్టింటి నుంచి వచ్చిన దాసి బోర్బాలా ముందుకొచ్చింది.

"ప్రభూ, మా ఊరి బాటసారి ఒకడు ఓ వింత జనాన్ని చూసొచ్చాడు. వాళ్ళెవరో కవిగారు చెప్పాలి."

"కానియ్యవే," అన్నాడు కవి, పళ్ళెం దగ్గరికి లాక్కుంటూ.

"వాళ్ళు ఏటా గాడిదల్ని చర్చికి తోలుకెళ్ళి దీవెనలు ఇప్పిస్తారు."

"పాపం, బుర్రలేని వాళ్ళు!"

"తాగేటప్పుడు పాత్రకి పెదవి తగలనివ్వరు. చెయ్యెత్తి, నోరు తెరిచి, పైనుంచి ధార పోసుకుంటారు."

కవి కొమ్ము కూజా ఎత్తి, ద్రాక్షసారా ధారగా గొంతులో పోసుకుని మూతి తుడుచుకున్నాడు. "మోటు జనం! ఇంకా?"

రాజు చెయ్యి తన కూజా మీద ఆగిపోయింది. నవ్వు బయటపడకుండా పెదవి కొరుక్కున్నాడు.

"ఇల్లు వీపున మోసుకుని పాకే పురుగుని పట్టుకొచ్చి, ఉడకబెట్టి, సూదితో గుచ్చి లాగి తింటారు."

"ఛీ ఛీ! ఇంకెవరు, ఈ హంగేరీ వాళ్ళే! ఇంత అనాగరికులు భూమ్మీద మరొకరు లేరు!"

బోర్బాలా వినయంగా వంగింది.

"అయితే కవిగారూ, మీ చేతిలో ఉన్న హంగేరీ సూది జాగ్రత్త. పురుగు జారిపోతోంది."

అందరి కళ్ళూ కవి చేతి మీద పడ్డాయి. సూది చివర ఉడికిన నత్త వేలాడుతోంది. పళ్ళెంలో ఇంకో ఇరవై ఉన్నాయి. గాడిదల దీవెనల దగ్గర్నుంచి నత్తల దాకా అన్నీ కటలోనియా అలవాట్లే! కవి మొహం కందగడ్డలా అయిపోయింది.

రాజు కడుపు పట్టుకుని నవ్వాడు, సభ నవ్వింది, ఉయ్యాల్లో పిల్లాడు ఉలిక్కిపడి లేచాడు. రాజు పాట కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, జరీ అంగీని తన చేత్తోనే బోర్బాలా భుజాన కప్పాడు.

కాపురానికి వచ్చిన నాటినుంచీ నత్తల జోలికి పోని రాణి, కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది.

"ఆ సూది ఇటివ్వండి, కవిగారూ. మావాళ్ళ వంటేగా, నేనూ రుచి చూస్తాను!"