పొయ్యి ఆరకముందే

కోదండపాణి ఆ రోజు ఒక ఫౌండ్రీని మూయించాల్సి ఉంది. అది ధర్మమేనని గురువుగారు ఒక్క మాట అంటే చాలు, మనసు కుదుటపడుతుంది.

అతను పంపులు తయారుచేసే పెద్ద కంపెనీలో కొనుగోళ్ల అధికారి. ఆ పంపులకి ఇనప గుల్లలు పోతపోసి ఇచ్చేది ఊరి చివరి చిన్న ఫౌండ్రీ. కిందటి వారం అక్కడ మరిడయ్య అనే పనివాడు రెండు షిఫ్టులు వరసగా చేసి, నిద్రకి తూగి, కరిగిన ఇనుము కాలి మీద ఒలకబోసుకున్నాడు. కంపెనీకి సరుకిచ్చేవాళ్లు ఎవరిచేతా అలా వరస షిఫ్టులు చేయించకూడదు. ఆ నియమం రాసింది కోదండపాణే. ఫౌండ్రీ దానికి సంతకమూ పెట్టింది. సంతకం చేతికొచ్చాక ఇక పాపం మనది కాదనుకోవడం పెద్ద కంపెనీలకి అలవాటు. నియమం తప్పింది కాబట్టి ఫౌండ్రీని సరుకిచ్చేవాళ్ల జాబితాలోంచి తీసెయ్యాలి. తీసేస్తే దానికి ఇంకో కొనేవాడు లేడు. మరిడయ్యతో పాటు అక్కడి అందరి పొట్టా కొట్టినట్టే.

ఇదంతా గురువుకి చెప్పుకున్నాడు.

"ఈసారి సరుకివ్వడానికి ఫౌండ్రీవాళ్లు మొదట ఇంకొన్ని రోజులు గడువు అడిగారు స్వామీ. కుదరదంటే సరేనన్నారు. నేనెవరి మెడ మీదా కత్తి పెట్టలేదు. నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి."

చిదంబర స్వామి ముసలాయన. కార్మికుల వాడలో నాలుగిళ్లు తిరిగి, ఇంటికో ముద్ద చొప్పున భిక్ష ఎత్తుకుని బతికే సన్యాసి. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. సొట్టలు పడ్డ తన భిక్షపాత్ర తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ఆకలేస్తోంది నాయనా. ఈ పూటకి నువ్వు తే. తొందరగా రావాలి."

గురువు మాట కాదనలేడు. ఇస్త్రీ చొక్కాతో, పాత్ర పట్టుకుని వాడలోకి నడిచాడు. అరుగు మీద బీడీ కాలుస్తున్న ఒకాయన, "ఏం సార్, కంపెనీ మూసేశారా?" అని పలకరించాడు. కోదండపాణి తలొంచుకున్నాడు. నాలుగిళ్లు తిరిగితే ఆలస్యమవుతుందని మొదటి గడపలోనే నిలబడిపోయాడు. పొయ్యి మీంచి అప్పుడే అన్నం దించుతున్న నూకాలు ఆ పాత్రని గుర్తుపట్టింది. స్వామికా అని అడిగి, కుండలో ఉన్నదంతా కూరతో సహా పెట్టేసింది. నవ్వుతూనే పెట్టింది.

పాత్రలోంచి లేస్తున్న ఆవిరి చూసి స్వామి చెయ్యి చాపలేదు. ఆ ఇంట్లో పొయ్యి ఆరిందా అని అడిగాడు. ఆరలేదన్నాడు శిష్యుడు. ఇంటివాళ్లు తిన్నారా అని అడిగాడు. అది కనుక్కోలేదన్నాడు. రోకలి మూలకి చేరి, పొయ్యి ఆరి, ఇంటిల్లిపాదీ తిన్నాకే సన్యాసి గడపలో నిలబడాలని పాత కట్టుబాటు. కోదండపాణికి అది తెలియనిది కాదు. తొందరలో గుర్తుకు రాలేదు.

"కానీ ఆవిడ సంతోషంగానే పెట్టింది స్వామీ."

"ఈ పాత్రకి లేదని చెప్పే ఇల్లు ఆ వీధిలో ఉందా?"

అంటూనే స్వామి పాత్ర తీసుకుని లేచాడు.

వాళ్లు వెళ్లేసరికి నూకాలు మళ్లీ ఎసరు పెట్టి, కాస్త ఆగమని మొగుణ్ణి బతిమాలుతోంది. షిఫ్టు బస్సు పోతుందని అతను ఉత్తి చేతులతో చెప్పులేసుకుంటున్నాడు. "పుణ్యం నీకు, పస్తు నాకు. బాగుందే పంపకం," అంటున్నాడు.

స్వామి గడప పక్కనున్న ఖాళీ కేరేజీ అందుకుని, తన చేత్తోనే అన్నం అందులోకి సర్దాడు. నూకాలు అడ్డుపడింది. స్వామికి పెట్టింది తిరిగి పుచ్చుకుంటే కళ్లు పోతాయంది.

"తప్పు నీది కాదమ్మా. అడిగి తెచ్చినవాడిదీ కాదు. తొందరపెట్టింది నేను."

ఆ ముసలాయన కేరేజీ అతనికి అందించి, మొగుడూ పెళ్లాల ముందు చేతులు జోడించి తల వంచాడు. అతను కేరేజీ పట్టుకుని బస్సు కోసం పరిగెత్తాడు.

కోదండపాణి వీధిలోనే నిలబడిపోయాడు.

జేబులో ఫోను మోగింది. ఆఫీసు నుంచి. ఫౌండ్రీ పేరు కొట్టెయ్యమంటారా అని అడుగుతున్నారు. వద్దన్నాడు. వాళ్లు మొదట అడిగిన గడువే ఇమ్మన్నాడు. మరిడయ్య దగ్గరికి సాయంత్రం తానే వెళ్తానన్నాడు.

అవతలివాడు ప్రమాదం మీద నివేదిక కూడా నింపుతున్నాడు. ప్రమాదానికి బాధ్యులన్న చోట ఎవరి పేరు రాయాలని అడిగాడు.

"నాది రాయి," అన్నాడు కోదండపాణి.