గంగులు పిలుచుకొచ్చిన వైద్యుడు

వాగుకి అవతలి ఎత్తు మీద, రాతి గుహలో ఎలుగుబంటి పోతయ్య అడవికంతా వైద్యం చేసేవాడు. వాగుకి ఇవతల వెదురు పొదల్లో దుప్పి ఈరమ్మ, ఇంకా పాలు మానని కూనతో ఉండేది.

ఒక పొద్దున రేచుకుక్కలు మీదపడ్డాయి. కూనని పొదలోకి తోసేసి, కుక్కల్ని తన వెంట తిప్పుకుని ఈరమ్మ పరుగు తీసింది. విరిగిన వెదురు మొన తొడలో దిగబడింది. కుక్కలు వెనకబడ్డాక, ఆ కాలితోనే వాగు దాటి పోతయ్య గుమ్మంలో కూలబడింది.

పోతయ్య వెదురుని పళ్ళతో పట్టి పీకాడు. ఆకుపసరు పిండి నెత్తురు ఆపాడు. అంతలో చెట్టు మీంచి పడ్డ కోతిని మోసుకొచ్చారు. "నెలవంక కనపడగానే మళ్ళీ రా అమ్మాయ్, చూడాలి" అంటూనే పోతయ్య అటు తిరిగిపోయాడు. ఈరమ్మ తలూపింది. చెవుల్లో ఇంకా కుక్కల అరుపులే. ఎందుకు రావాలో అడగాలని తోచలేదు.

నెలవంక వచ్చేసరికి పుండు పైకి మానింది. అయినా బయల్దేరింది. వాగు చూస్తే పొంగి ఉంది. కూన దాటలేదు, దాన్ని వదిలి తను వెళ్ళలేదు. ఒడ్డున తటపటాయిస్తుంటే నక్క గంగులు ఎదురొచ్చాడు.

"ఎక్కడికక్కా?"

"పోతయ్య తాత రమ్మన్నాడు తమ్ముడూ."

"నొప్పుందా?"

"లేదు."

"మరి దేనికీ? మానిన పుండుని మళ్ళీ కెలకడానికా?"

తొడలోంచి వెదురు పీకినప్పటి బాధ గుర్తొచ్చి ఈరమ్మ ఒళ్ళు జలదరించింది. రేపు చూద్దాంలే అని వెనక్కి తిరిగింది. మర్నాడు మేత వెతుక్కోవడం, ఆ మర్నాడు వాన. గంగులు మాత్రం రోజూ వచ్చి కాలు ఎలా ఉందని అడిగి పోయేవాడు. ఎంత మంచివాడో అనుకుంది.

ఒక ఉదయం లేవబోతే కాలు లేవలేదు. తొడ ఉబ్బి, నిప్పులా కాలుతోంది. గంగులు వచ్చాడు. ఈసారి కాలు సంగతి అడగలేదు. కాస్త దూరంలో నీడ చూసుకుని చతికిలబడ్డాడు.

అప్పుడర్థమైంది ఈరమ్మకి. కూనని పొదలోంచి కదలొద్దని కళ్ళతోనే చెప్పింది.

గంగులు కాస్త దగ్గరికి జరిగాడు. మరికాస్త జరిగాడు.

"తమ్ముడూ, నా పని అయిపోయింది. కానీ నన్ను తిన్నవాడి గతి తలుచుకుంటేనే దిగులుగా ఉంది" అంది ఈరమ్మ.

"ఛ, ఎవరు తింటారక్కా! అవేం మాటలు?"

"ఎవరో ఒకరు తింటారుగా. ఒకసారి వాసన చూడు."

గంగులు మూతి పెట్టి, గబుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"ఆ విషం ఒళ్ళంతా పాకుతోంది. తిన్నవాడూ ఇలాగే కాలిపోయి చస్తాడు. పోతయ్య తాత చీము పిండేస్తే పోతుందనుకో. ఆ కోతకి నా ప్రాణం ఎలాగూ ఆగదు. మాంసమైనా శుభ్రపడుతుంది."

గంగులు గుటక మింగాడు. కళ్ళు అటూ ఇటూ తిరిగాయి. మరుక్షణం వాగు వైపు దూకాడు.

ఈరమ్మ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఈగలు ముసిరాయి. పైన గద్దలు తిరుగుతున్నాయి. వాడు అసలు వెళ్ళాడా? దారిలో మనసు మార్చుకున్నాడా? కూన పిలుపు ఎక్కడో దూరం నుంచి వినిపిస్తున్నట్టుంది.

చివరికి పొదలు కదిలాయి. పోతయ్య! గోటితో పుండు చీల్చాడు. ఈరమ్మ అరుపుకి గద్దలు చెదిరిపోయాయి. చీముతో పాటు ఒక వెదురు పేడు బయటికొచ్చింది.

"ఇది లోపల ఉండిపోయిందేమోననే రమ్మన్నాను."

"ఎందుకో చెప్పలేదుగా తాతా!"

"నిజమే, చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా విను. పుండు లోపలి నుంచి మానాలి, అది రోజూ చూడాలి. వాగు తగ్గేదాకా నేనే వస్తాను."

పక్కన గంగులు ఆత్రం పట్టలేకపోయాడు. "ఇంకెంతసేపు తాతా? ప్రాణం... ఉందా?"

"ఉంది, ఉంటుంది కూడా. నువ్వు పరుగెత్తుకు రాకపోతే సాయంత్రానికి పోయేది. బిడ్డ తల్లిని కాపాడావురా గంగులూ!" అని పోతయ్య వాడి వీపు మీద ఒక్క చరుపు చరిచాడు.

ఆ దెబ్బకి బోర్లా పడ్డ గంగులు, మట్టి దులుపుకుని, ఖాళీ కడుపుతో పొదల్లోకి జారుకున్నాడు.

నీతి: నొప్పి తగ్గిందని వైద్యుడి దగ్గరికి వెళ్ళడం మానకు, మళ్ళీ ఎందుకు రావాలో అడగందే అక్కణ్ణుంచి కదలకు.